మేజర్ సర్వీసుకి 8,344 అన్నారు, నేను ఇంట్లో విప్పి చూశాను

మా పల్సర్ 150కి మేజర్ సర్వీసు ఎంతవుతుందని అడిగితే ఫోన్‌కి ఎస్టిమేట్ పంపారు. 8,344 రూపాయలు. బండి 2018ది, బీఎస్4, కార్బొరేటర్ మోడల్. మీటరు 58,000 దాటింది.

నేను మెడికల్ రెప్‌ని. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట నా ఏరియా. వారంలో నాలుగు రోజులు వంద కిలోమీటర్లకి తగ్గకుండా తిరుగుతాను. బండి దారిలో ఆగిందంటే ఆ రోజు డాక్టర్ల కాల్స్ పోయినట్టే. అందుకని సర్వీసు దగ్గర నేనెప్పుడూ పిసినారితనం చూపించలేదు. నాలుగేళ్ళుగా ఒకే చోట ఇస్తున్నాను. అన్ని కంపెనీల బండ్లూ చేసే పెద్ద సర్వీస్ సెంటర్ అది. ఏసీ గదిలో కూర్చోబెడతారు, టీ ఇస్తారు, సాయంత్రానికి బండి కడిగి మెరిపించి చేతికిస్తారు. పేరు రాయడం లేదు. ఇలాంటి ఎస్టిమేట్ ఏ ఊళ్ళో అయినా రావచ్చు, కాబట్టి మాట్లాడుకోవాల్సింది ఎస్టిమేట్ గురించే.

అందులో ఉన్నవి ఇవి. ఇంజిన్ ఆయిల్ 620, ఆయిల్ ఫిల్టర్ 70, స్పార్క్ ప్లగ్గులు రెండూ కలిపి 260, ఎయిర్ ఫిల్టర్ 290. చైన్ స్ప్రాకెట్ కిట్ 1,750. ముందు డిస్క్ ప్యాడ్లు 380, వెనక బ్రేక్ షూలు 340. హ్యాండిల్ కోన్ సెట్ 520. ఫోర్క్ ఆయిలూ సీళ్ళూ 460. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళు 430. ఇంజిన్ ఫ్లష్, కార్బన్ క్లీనింగ్ 450. టెఫ్లాన్ కోటింగ్ 500. కన్స్యూమబుల్స్ అని 150. లేబర్ 1,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 324.

ఈ జీఎస్టీ సంగతి ముందే చెప్పేస్తాను, చాలామంది బిల్లులో చూడరు. లేబర్ మీద 18 శాతం విడిగా వేస్తారు, అది మామూలే. విడి భాగాల మీద మాత్రం ఎంఆర్‌పీలోనే పన్ను కలిసి ఉంటుంది, దానిపైన మళ్ళీ పన్ను వేయకూడదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి బండ్ల విడి భాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత స్టాకు డబ్బా మీద పాత ధర కనపడితే కొత్త ధర ఎంతో అడగండి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

సరే, నా ఎస్టిమేట్‌లో పన్ను లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇన్ని సామాన్లు ఒకేసారి పోయాయా అన్న అనుమానం తీరలేదు. తెనాలిలో ఉన్న మా మేనమామకి ఫోన్ చేశాను. ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు.

"మావయ్యా, మేజర్ సర్వీసుకి ఎనిమిది వేల పైన అంటున్నారు."

"బండి చూసి చెప్పారా, కిలోమీటర్లు చూసి చెప్పారా?"

"కిలోమీటర్లు అడిగారు. బండి ఇంకా ఇవ్వలేదు."

"అయితే ఆదివారం నేనొస్తాలే. ఈలోపు బండి కడగమాకు. మురికి ఉంటేనేరా లీకు ఎక్కడుందో తెలిసేది."

నేను ఆ రోజు దాకా ప్రతి సర్వీసుకీ బండి కడిగించి మరీ ఇచ్చేవాణ్ణి.

ఆదివారం ఏడున్నరకల్లా కొరిటెపాడులో మా ఇంటి ముందు బండిని సెంటర్ స్టాండ్ వేసి పెట్టాం. మావయ్య పానా ముట్టుకోలేదు. ముందు గంటసేపు చూడటమే. ఈ గంట గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు డబ్బులు మిగిలింది ఇక్కడే. దీనికి ఒక్క పనిముట్టు కూడా అక్కర్లేదు.

చైన్ కవర్ పైన రబ్బరు మూత తీసి కింద భాగాన్ని వేలితో పైకీ కిందకీ ఆడించాడు. 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఆడాలి, మాది 40 దాకా ఆడింది. అంటే వదులైంది, బిగించాలి. అరిగిందా అన్నది వేరే ప్రశ్న. దానికి వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేళ్ళతో పట్టుకుని బయటకి లాగాలి. పళ్ళ మీద నుంచి లేచి సందు కనపడితే చైన్ పోయినట్టు. మాది లేవలేదు. పళ్ళు కూడా ఒక వైపుకి వంగి కొక్కేల్లా లేవు. కిట్ మార్చి 14,000 కిలోమీటర్లే అయింది మరి. అలా 1,750 రూపాయల పద్దు చూపుతోనే తీసేశాం.

ముందు చక్రం గాల్లో ఉండేలా వెనక సీటు మీద మా అబ్బాయిని కూర్చోబెట్టి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో ఇటు నుంచి అటు మెల్లగా తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడి ఆగినట్టు ఆగింది. కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరిగే బేరింగే, దాని గోళీలు ఒకే చోట కొట్టుకుని గాడి పడితే అలా ఆగుతుందట. "ఇది మాత్రం నిజంగానే పోయింది, మార్పించు" అన్నాడు. నేను దాన్ని ఇన్నాళ్ళూ రోడ్డు దోషం అనుకున్నాను.

ఫోర్క్ రాడ్లు తెల్ల గుడ్డతో తుడిచి, ముందు బ్రేకు పట్టుకుని పదిసార్లు కిందకి నొక్కి చూశాం. నూనె తడి లేదు. వెనక డ్రమ్ము మీద ఉండే సూచిక ముల్లు, బ్రేకు నొక్కినప్పుడు గుర్తు దాటి పోయింది. షూలు మార్చాలి. డిస్క్ ప్యాడ్లలో గాడి ఇంకా సగం లోతు ఉంది, వద్దు. యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కి వస్తోంది, కేబులు బాగుంది. క్లచ్ కేబులు లివరు దగ్గర రెండు పోగులు తెగి బయటికొచ్చాయి. అది ఏ పిడుగురాళ్ల దారిలోనో తెగితే బండి నెట్టుకురావాలి.

ఎస్టిమేట్‌లో లేనిది ఒకటి బయటపడింది. హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ డబ్బాకుండే చిన్న గాజు కిటికీలోంచి చూస్తే లోపల ద్రవం టీ డికాషన్ రంగులో ఉంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 గ్రేడు ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. పొడవాటి దిగుడులో బ్రేకు పట్టీ పట్టీ వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు పుట్టి లివరు మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చాలంటారు. నా నాలుగేళ్ళ బిల్లుల్లో ఒక్కసారీ లేదు. టెఫ్లాన్ కోటింగ్ మూడుసార్లు ఉంది.

తర్వాత పని మొదలుపెట్టాం. మావయ్య చెప్పిన వరస ఇది: ప్లగ్గులు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ వేడి మీద. అల్యూమినియం హెడ్డు వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే మరలు దెబ్బతింటాయి. ఆయిల్ అయితే వేడిగా ఉంటేనే మడ్డితో సహా కిందకి దిగుతుంది.

పల్సర్ డీటీఎస్‌ఐ ఇంజిన్‌కి ప్లగ్గులు రెండు. ఒకటి చేతికి అందుతుంది, రెండోది కొంచెం లోతులో ఉంటుంది, పొడవాటి ప్లగ్గు పానా కావాలి. మొదటిది తీశాను. కొన మీద లేత గోధుమ రంగు, అంచులు పదునుగా ఉన్నాయి. బాగానే ఉందే అనుకున్నాను. రెండోది తీయడానికి పది నిమిషాలు పట్టింది. బయటికి వచ్చాక మావయ్య రెండిటినీ నా అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. రెండోదాని మధ్య కడ్డీ అరిగి గుండ్రంగా అయిపోయింది. పింగాణీ మీద నల్లటి మసి, లోహం మీద తుప్పు. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాం. మొదటిదాంట్లో 0.7 మిల్లీమీటర్ల బ్లేడు సరిగ్గా పట్టింది. రెండోదాంట్లో 1 మిల్లీమీటరుది కూడా ఆడుతూ దూరింది.

లోపలికెళ్ళి ఫైల్ తెచ్చాను. 11 నెలల కిందటి బిల్లులో "స్పార్క్ ప్లగ్స్, 2" అని స్పష్టంగా ఉంది.

రెండు ప్లగ్గుల ఇంజిన్‌లో చిక్కు ఏంటంటే, ఒకటి బలహీనపడినా బండి ఆగదు. ఇంకోటి నడిపిస్తూనే ఉంటుంది. పికప్ కొంచెం, మైలేజీ కొంచెం తగ్గుతాయి, మనం పెట్రోలునో ట్రాఫిక్‌నో అనుకుంటాం. నాకు 48 ఇచ్చే బండి 41కి పడిపోయింది. సోమవారం ఆ ప్లగ్గూ బిల్లూ తీసుకెళ్ళి చూపించాను. మేనేజరు గారు గొడవ పెట్టలేదు, సారీ చెప్పి ఒక ప్లగ్గు డబ్బులు వెనక్కిచ్చారు. కానీ నా బాధ ఆ 130 రూపాయల గురించి కాదు. 11 నెలలు లీటరుకి ఆరేడు కిలోమీటర్లు పోగొట్టుకున్నాను. నేను తిరిగే తిరుగుడికి అది నెలకి ఎన్ని లీటర్లో లెక్క వేస్తే మనసు పాడైంది. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేదొకటే: ఎక్కడ చేయించినా మార్చిన పాత సామాను సంచీలో వేసి ఇమ్మనండి. అది మీ సామాను. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఎయిర్ ఫిల్టర్ తీసినప్పుడు మా ఆవిడ కూడా బయటికొచ్చి చూసింది. బూడిద రంగులో ఉండాల్సింది తెల్లగా ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము. వేలితో తడితే పిండిలా రాలింది. "ఇదే కదండీ రోజూ మీ చొక్కాల మీద ఉండేది" అంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్లు మామూలు రోడ్డుకి. క్వారీలు, బట్టీలు ఉన్న దారిలో తిరిగేవాళ్ళు అందులో సగానికే తీసి చూసుకోవాలి. కొత్తది పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

వెనక చక్రం విప్పి షూలు మార్చాం. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదబోతే మావయ్య నా భుజం పట్టుకుని ఆపాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, తడిగుడ్డతో తుడవాలి. షూలని తెరిచే కామ్ దగ్గర చిటికెడు గ్రీజు, అంతకంటే ఒక్క చుక్క ఎక్కువైనా షూ మీదకి వస్తుంది. చక్రం ఎక్కించాక చైన్ బిగువు సరిచేసి, రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకున్నాం. యాక్సిల్ నట్టు మాత్రం నన్ను బిగించనివ్వలేదు, ఆయనే బిగించాడు. క్లచ్ కేబులు మార్చడం తేలిక. పాత కేబులు పోయిన దారినే కొత్తది పోవాలి, అంతే.

బ్రేక్ ఆయిల్ ఇద్దరు ఉంటేనే చేయండి. ముందు డిస్క్‌ని పట్టే కాలిపర్ మీద పాత ద్రవం వదిలే చిన్న నిపుల్ ఉంటుంది, దానికి పారదర్శకమైన సన్న పైపు తగిలించి, చివర సీసాలో ముంచాం. మావయ్య లివరు నొక్కి "పట్టా" అంటే నేను నిపుల్ వదులు చేయాలి, బిగించాక "బిగించా" అంటే ఆయన లివరు వదలాలి. మా అబ్బాయి పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉన్నాడు. డికాషన్ రంగు పోయి తేనె రంగు, తర్వాత దాదాపు నీళ్ళ రంగు వచ్చేదాకా అరగంట. ఆ ద్రవం పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, కాబట్టి ట్యాంకు మీద తడి తువ్వాలు కప్పాం. డాట్ 3 పోయాలో డాట్ 4 పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న బండైతే ఈ పనికి ఇంట్లో దిగకండి.

పన్నెండింటికి ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆయిల్ బోల్టుకి పానా పెట్టాను. కదల్లేదు. గట్టిగా లాగితే కిర్రుమని వదిలింది. ఆయిల్ నల్లగా ధారగా ట్రేలోకి దిగింది. బోల్టు చేతిలోకి తీసుకుని చూస్తే మరల మధ్య వెండి జరీ పోగులా ఏదో చుట్టుకుని ఉంది. ఇంజిన్ అడుగు అల్యూమినియం. పోయిన సర్వీసులో బోల్టుని ఎక్కువ బిగించినందుకు ఆ మెత్తటి మరలే తెగి, పోగులుగా బోల్టుతో పాటు వచ్చేశాయి.

మావయ్య ఆ పోగుని గోటితో లాగి ఎండలో పెట్టి చూశాడు. "ఇది చేత్తో బిగించింది కాదురా. గాలి గన్నుతో కొట్టారు."

కొత్త వాషరు వేసి బోల్టు మెల్లగా పెట్టి చూస్తే చివరిదాకా పోయి ఊరికే తిరిగింది. ఆయిల్ లేని ఇంజిన్‌ని నడపలేం కదా, పట్టాభిపురంలో మా పాత మెకానిక్ దగ్గరికి బండిని తోసుకుంటూ వెళ్ళాం. చిన్న షెడ్డు, ఆయనా ఒక కుర్రాడూ. ఆదివారం పూట భోజనానికి లేవబోతున్న మనిషి మళ్ళీ కూర్చున్నాడు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మరలు కోసి, లోపల ఉక్కు చుట్ట కూర్చాడు. ఆ పొడి లోపల మిగలకుండా కొంచెం ఆయిల్ పోసి, కిందకి వదిలి, మళ్ళీ పోసి, మూడుసార్లు కడిగాడు. దీనికి 350 తీసుకున్నాడు. ఇంజిన్ అడుగు భాగం మొత్తం మార్చాలని చెప్పినా నేను నమ్మేసి ఉండేవాణ్ణి. ఆయన అలా చెప్పలేదు.

ఎలాగూ అక్కడికి వెళ్ళాం కాబట్టి కోన్ సెట్ కూడా ఆయన్నే వేయమన్నాం. అది ఇంట్లో చేసే పని కాదని మావయ్య ముందే చెప్పాడు. పాత కప్పులు కొట్టి తీయాలి, కొత్తవి వంకర లేకుండా దిగాలి, బిగువు చేతికి తెలియాలి. వదులుంటే టకటకమంటుంది, బిగువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఈలోపు ఇంజిన్ పూర్తిగా చల్లారింది, ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరుండే సందులు కూడా సెట్ చేశాడు. ఇన్లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు. ఈ కొలత చల్లటి ఇంజిన్ మీదే తీయాలి. పెద్ద సెంటర్లలో పొద్దున్న బండిచ్చి గంటలో తీసుకునేవాళ్ళు ఇదొక్కటి ఆలోచించండి, ఇంజిన్ చల్లారే టైమే ఉండదు. రెండు పనులకీ కలిపి 500 ఇచ్చాను. అంత పనితనానికి అది తక్కువనే నా అభిప్రాయం.

కొత్త ఆయిల్ అక్కడే పోశాం. 20డబ్ల్యూ50 గ్రేడు, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అది బైకు ఆయిల్ అనడానికి గుర్తు. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. చౌకగా దొరికిందని కార్లకి వాడే ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఒక నిమిషం నడిపి, ఆపి, కాసేపు ఆగి, బండి నిటారుగా ఉంచి ఆయిల్ గ్లాసులో మట్టం చూసుకున్నాం. పాత ఆయిల్‌ని ఆ షెడ్డులోనే పీపాలో పోసేశాం. కాలవలో పోయకండి దయచేసి. మెకానిక్ షెడ్ల నుంచి పాత ఆయిల్ కొనుక్కెళ్ళేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు పనిముట్ల మీద నా అభిప్రాయం. టపారియా పానాల సెట్టుకి 1,080 పెట్టాను, ఇది మొదట కొనాల్సింది. నోరు బోల్టు తలని వదులు లేకుండా పట్టుకుంటుంది, ఒక్క తలా గుండ్రంగా అరగలేదు. సాకెట్ సెట్టు 1,450, పర్లేదు. అందులో మూడొంతులు ఇంకా వాడలేదు, మళ్ళీ కొనాల్సొస్తే 8 నుంచి 17 దాకా విడిగా కొనుక్కుంటాను. బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచ్ 2,350. ఇక్కడ జాగ్రత్త. అంగడిలో ఎక్కువగా చూపించేది పెద్ద అరంగుళం రకం, అది చాలావాటిలో 28 న్యూటన్ మీటర్ల దగ్గరే మొదలవుతుంది. బైకులో మనం ముట్టుకునే చిన్న బోల్టులకి 10 దగ్గర సరిపోతుంది. నేను కొన్నది పావంగుళం రకం, 5 నుంచి 25 దాకా కొలుస్తుంది. బిగువు సరిపోగానే చేతికి చిన్న టిక్కు తగులుతుంది. మావయ్యకి అది అక్కర్లేదు, 31 ఏళ్ళుగా ఆయన మణికట్టులోనే ఉంది. నాకు కావాలి. తెగిన మరల పోగు చూశాక ఆ 2,350 గురించి నాకు రెండో ఆలోచన లేదు. ఇవికాక ఫీలర్ గేజ్ 160, ఆయిల్ ట్రే 190. మొత్తం పనిముట్లు 5,230.

సామాన్లకి కొట్టులో అయినవి: ఆయిల్ 560, ఫిల్టర్ 60, ప్లగ్గులు 220, ఎయిర్ ఫిల్టర్ 260, షూలు 290, క్లచ్ కేబులు 170, బ్రేక్ ఆయిల్ 120, కోన్ సెట్ 450. వాషర్లు, గ్రీజు, కిరోసిను, గ్లవ్స్ కలిపి 240. అంటే 2,370. మెకానిక్‌కి 500. మరల రిపేరు 350.

పనిముట్లతో సహా కూడితే 8,450 వస్తుంది. ఎస్టిమేట్ కంటే 106 రూపాయలు ఎక్కువ. ఒక ఆదివారం మొత్తం పోయింది, మరుసటి రోజు నడుము పట్టేసింది. ఇది దాచిపెట్టి "ఐదు వేలు మిగిలాయి" అని రాస్తే అబద్ధమవుతుంది. పనిముట్లు తీసేస్తే 3,220, అందులో 350 వేరేవాళ్ళ బిగింపు వల్ల అయింది. వచ్చేసారి ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, ట్యాపెట్ల సెట్టింగు అంతే ఉంటుంది కాబట్టి 1,500 లోపే అవుతుందని నా లెక్క. ఏడాదికి ఒక మేజర్ సర్వీసు అనుకుంటే రెండో ఏడే పనిముట్ల ఖర్చు తీరిపోతుంది.

అందరూ ఇలాగే చేయాలని నేననను. ఉచిత సర్వీసులు, వారంటీ మిగిలి ఉన్న బండైతే కంపెనీ చెప్పిన చోటే ఇవ్వండి, బిల్లులు దాచుకోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లలో సెన్సార్ల పని ఇంట్లో పెట్టుకోవద్దు. పక్కన తెలిసినవాళ్ళు లేకుండా మొదటిసారే చక్రం విప్పకండి, బ్రేకు పని ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. కానీ చూసే ఆ గంట మాత్రం ఎవరైనా చేయొచ్చు. చైన్ లాగి చూడటం, హ్యాండిల్ ఒక వేలితో తిప్పి చూడటం, బ్రేక్ ఆయిల్ రంగు చూడటం, ఫోర్క్ రాడ్డు తుడిచి చూడటం. అవి చూసుకుని, ఏం కావాలో కాగితం మీద రాసుకుని వెళ్ళి, "ఇవి చేయండి, మిగతావి నన్ను అడిగి చేయండి" అంటే పెద్ద సెంటర్లోనైనా బిల్లు బాగా దిగుతుంది. మాకు చైన్ కిట్, ప్యాడ్లు, ఫ్లష్, కోటింగ్ ఈ నాలుగు పద్దులే 3,080.

ఆ ఆదివారం తర్వాత 1,300 కిలోమీటర్లు తిరిగాను. మైలేజీ 46, 47 మధ్య వస్తోంది. హ్యాండిల్ మధ్యలో ఆగడం లేదు. మరలు కొత్తగా వేసిన బోల్టు కింద పొద్దున్నే కాగితం పెట్టి చూస్తున్నాను, ఒక్క చుక్కా లేదు. టైర్లలో గాలి ముందు 25, వెనక ఒక్కణ్ణే ఉంటే 28, ఇద్దరం ఉంటే 32, ఇది ప్రతి సోమవారం కొట్టిస్తున్నాను.

ఎస్టిమేట్‌లో నేను కొట్టేసినవాటిలో ఒకటి ఇప్పుడు తిరిగొచ్చింది. పోయిన వారం గుడ్డ పెట్టి తుడుస్తుంటే ఎడమ ఫోర్క్ రాడ్డు మీద సన్నటి నూనె గీత కనపడింది. ఫొటో తీసి మావయ్యకి పంపాను. "దుమ్ము తగిలి సీలు కోసింది, ఇంకా టైముంది కానీ వదిలెయ్యమాకు. దీన్ని నువ్వు ముట్టుకోమాకు" అన్నాడు. సీళ్ళూ, ఆయిలూ కొని ఉంచాను. శనివారం పట్టాభిపురం షెడ్డులో ఇస్తున్నాను. పాత సీళ్ళు సంచీలో వేసి ఇమ్మని చెప్పాను.